కాలువ ఊళ్ళో ఉప్పెన పాఠం

నేను బందరు మనిషిని. పుట్టిందీ, చదివిందీ, ఇరవయ్యేళ్ళుగా ఆడపిల్లలకు సైన్సు చెబుతున్నదీ అక్కడే. మొన్న ఆగస్టులో వారం రోజులు కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ తిరిగొచ్చాను. వెళ్ళేటప్పుడు నా వెంట నాలుగడుగుల రేకు తొట్టి ఒకటి ఉంది. వచ్చేటప్పుడు లేదు. స్కూల్లో అటెండరు దగ్గర్నుంచి మా ఆడపడుచు దాకా తొట్టి ఏమైందని అడగని వాళ్ళు లేరు. అడిగిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పలేక నోరు నొప్పి పుట్టి, ఇదంతా రాస్తున్నాను.

వేసవి శిక్షణలో మాకు కొత్త పాఠం ఒకటి ఇచ్చారు. భూమి పైపొర ఒకే ముక్క కాదని, పెద్ద పెద్ద ఫలకాలుగా పగిలి ఉందని, అవి మెల్లగా కదులుతూ ఒకదాన్నొకటి తోసుకుంటాయని ఈమధ్యనే తేల్చారట. సముద్రం అడుగున అలా బిగుసుకుపోయిన ఫలకం అంచు ఒక్కసారిగా విదిలించుకుంటే పైన నీళ్ళు లేచి ఊళ్ళ మీద పడతాయి. జపాను వాళ్ళు ఆ అలను సునామీ అంటారు. మనమెరిగిన ఉప్పెన గాలివానతో వస్తుంది. ఇది ఎండ కాస్తుండగా కూడా రాగలదు. పాఠం చివర పిల్లలు తమంతట తాము ఒక హెచ్చరిక ఏర్పాటు తయారుచెయ్యాలి. సముద్రం చూడని పిల్లలకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుందని, ఏడో తరగతి వాళ్ళకు మూడు చోట్ల చెప్పి రమ్మని నన్ను పంపారు.

"నీళ్ళు లేని చోటికి ఉప్పెన మోసుకెళ్తున్నావా?" అని మావారు ఒకటే నవ్వు. మా తోడికోడలు మాత్రం నవ్వలేదు. రెండు మూడేళ్ళ కిందటి ప్రత్యేక రాష్ట్రం గొడవలు తలుచుకుని, అక్కడ మన మాట వినగానే మొహం తిప్పుకుంటారేమో చూసుకో అంది. నాకూ లోపల ఆ బెరుకు ఉంది. పైకి మాత్రం ధైర్యంగానే బస్సెక్కాను.

కోదాడ

తొట్టిని బస్సు మీద కట్టించాను. గతుకు వచ్చినప్పుడల్లా అది దడేల్మని మోగుతుంటే లోపల అందరూ ఉలిక్కిపడి పైకి చూసేవాళ్ళు. "ఏందండీ అది? బర్రెల కుడితి తొట్టా?" అన్నాడు కండక్టరు. సైన్సు సామగ్రి అన్నాను కొంచెం బిగుసుకుని. "అట్నా? అయితే లగేజీ టికెట్టు తీసుకోండి, కుడితి తొట్టయితే వదిలేసేవోణ్ణి" అన్నాడు. బస్సంతా నవ్వింది. తప్పక నేనూ నవ్వాను.

కోదాడలో దించేటప్పుడు హమాలీ చేయి జారి తొట్టి మూల కిందికి కొట్టుకుంది. పెద్ద సొట్ట, దాని పక్కనే సన్నటి చిల్లు. మర్నాడే పాఠం. నాకు ఏడుపొక్కటే తక్కువ. బస్టాండు వెనక రేకు పని చేసే దస్తగిరి అని ఒక ముసలాయన ఉన్నాడంటే పరుగెత్తాను. ఆయన చిల్లుకు మాటు వేసి, సొట్ట సరిచెయ్యడానికి సుత్తి అందుకున్నాడు. పదిసార్లు కొట్టేసరికి వీధి వీధంతా చెవులు మూసుకుంది. కుక్కలు మొరిగాయి. ఎదురు కొట్లో నిద్రపోతున్న చంటిది లేచి ఏడుపందుకుంది.

"దీని గొంతు మంచిది కాదమ్మా. రేకు పల్చన, పైగా పొడుగు. సొట్ట పూర్తిగా తియ్యాలంటే ఇంకా కొట్టాలి, కొట్టమంటారా?" అన్నాడు.

"వద్దు బాబూ, నీళ్ళు ఆగితే చాలు" అన్నాను. ముప్పావలా అడిగి, పిల్లల పాఠం కోసమని తెలిసి అర్ధరూపాయి చాలన్నాడు.

కోదాడలో నాకు ఇల్లు వదిలినట్టే లేదు. రూపాయిన్నర భోజనంలో గోంగూర మా ఇంటి గోంగూరకు రెండాకులు ఎక్కువే. పిల్లల మాట కూడా సగం మన మాటే. తొట్టిలో ఒక చివర ఇసుక ఒడ్డు చేసి, దాని మీద అగ్గిపెట్టెల ఇళ్ళు పెట్టాను. అడుగున వంగే రేకు ముక్కను చెక్కకింద బిగించి, నొక్కిపట్టి, వదిలాను. ఒడ్డు దగ్గర నీళ్ళు మొదట వెనక్కి పోయాయి. పిల్లలందరూ ముందుకు వంగి చూశారు. మరుక్షణం అల వచ్చి అగ్గిపెట్టెలన్నీ తుడిచిపెట్టేసి, ముందు వరసలో వాళ్ళ చొక్కాలు తడిపింది.

"చూశారా, నీళ్ళు వెనక్కి పోతే మీరంతా ముందుకు వచ్చారు. సముద్రం వెనక్కి పోయినప్పుడు కూడా జనం ఇలాగే వెళ్తారు, చేపలు పైకి తేలాయని. అప్పుడు చెయ్యవలసింది తిరిగి చూడకుండా మెరకకు పరుగెత్తడం" అన్నాను. ఈ మాట మూడు ఊళ్ళలోనూ చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో గుర్తుపెట్టుకోండి, తర్వాత నా పరువు పోయేది దీనిమీదే.

వాళ్ళ హెచ్చరిక ఏర్పాటు అంతా టెలిఫోను. ఒడ్డున ఒకడు కూర్చుని పోస్టాఫీసుకు ఫోను చేస్తాడు. తెల్లవారుజామున పోస్టాఫీసు మూసి ఉంటుంది కదా అంటే, పోస్టుమాస్టరుగారిని అక్కడే పడుకోమంటామన్నారు. వెళ్ళొస్తానన్నప్పుడు ఒక సన్నటి పిల్లాడు మెల్లగా, "మీరు రోజూ ఆ సముద్రం పక్కన ఎట్టా పడుకుంటున్నారండీ?" అని అడిగాడు. అలవాటు అన్నాను. ఆ జవాబు వాడికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

సూర్యాపేట

ఇక్కడ నాకు బస ధాన్యం వ్యాపారం చేసే వాళ్ళింట్లో. హెడ్మాస్టరు గారు ఏర్పాటు చేశారు. ఇంటావిడ అనసూయమ్మ నన్ను గుమ్మంలో చూస్తూనే, "రాండ్రి వదినా, కాళ్ళు కడుక్కోండ్రి, అలిసినట్టున్నరు" అంది. నా బెరుకు అక్కడితో పోయింది. మా వైపు బంధుత్వం తెలుసుకుని వరస కలుపుతారు. అనసూయమ్మ ముందు వరస కలిపేసి తర్వాత ఊరి పేరు అడిగింది.

ఆమె పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు ఇప్పటికీ నోట్లో ఉన్నాయి. పచ్చిపులుసంటే మా వాళ్ళకు వంట చేసే ఓపిక లేని రోజు మాట. అనసూయమ్మ దాన్లో కాల్చిన మిరపకాయ నలిపి, ఉల్లిపాయ పిసికి, నువ్వుల పొడి చల్లితే నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. ఒక్క కాఫీ దగ్గరే నాకు కష్టమైంది. ఊరంతా చాయే. రెండోరోజు పొద్దున తలనొప్పితో ఎవరో ఒకరి మీద విసుక్కోవాలని చూస్తుంటే, ఆమె చాయ్‌లో అల్లం దంచి వేసి గ్లాసు నిండా ఇచ్చింది. విసుగు వాయిదా వేసుకున్నాను.

పాఠం సంగతి అడిగి తెలుసుకుంది. మన దేశం కింద ఉన్న ఫలకం ఉత్తరానికి జరుగుతోందని, అది తోసిన తోపుకే హిమాలయాలు లేచాయని, ఏడాదికి గోరు పెరిగినంత కదలిక ఉంటుందని చెప్పాను. ఆమె వింటూ వింటూ రొట్టె తిప్పడం ఆపేసింది.

"నేల నడుస్తదా? మరి మా ఇంటి హద్దురాళ్ళు?"

"హద్దురాళ్ళూ నడుస్తాయి, పక్కింటి వాళ్ళవీ నడుస్తాయి."

"అందరియి ఒక్కతీరుగనే నడుస్తయా?"

"అందరివీ ఒక్కలాగే."

"అయితే పరేషాన్ లేదు" అని రొట్టె తిప్పింది. అంత తేలిగ్గా అర్థం చేసుకున్న శిష్యురాలు నాకు మళ్ళీ దొరకలేదు.

బడిలో చిన్న అనర్థం జరిగింది. అల కొంచెం గట్టిగా లేచి, బల్లమీద ఉన్న హాజరు పట్టీ తడిసి ముద్దయింది. హెడ్మాస్టరు గారు దాన్ని ఎండలో ఆరేస్తూ, "ఉప్పెనొస్తే మొదలు కొట్టుకపొయ్యేది ఇసువంటివే, మంచిగ సూపెట్టిన్రు" అన్నారు. కోప్పడ్డారో మెచ్చుకున్నారో తెలియలేదు. పిల్లలు మాత్రం తెలివైనవాళ్ళు. ఖాళీ నూనెడబ్బాను నీళ్ళలో తేల్చి, అది పైకి లేస్తే తీగ తగిలి టార్చిలైటు బ్యాటరీతో గంట మోగేలా చేశారు. తొట్టిలో బాగానే మోగింది. నాకు ముచ్చటేసి అడిగి వెంట తీసుకెళ్ళాను. చెప్పవలసిందేమిటంటే, మిర్యాలగూడ చేరేలోపు దారిలో వానకు తడిసి ఆ బ్యాటరీ చచ్చిపోయింది. ఆ గంట మళ్ళీ మోగలేదు.

మిర్యాలగూడ

ఊరు కనిపించకముందే ఉడికిన ధాన్యం వాసన వస్తుంది. మిల్లుల కళ్ళాల్లో ఆరబోసిన వడ్లను ఆడవాళ్ళు కాళ్ళతో తిరగేస్తూ, మబ్బు పట్టగానే గుట్టలుగా పోస్తూ ఉంటారు. ఆ నాలుగు రోజులూ మబ్బు పడుతూనే ఉంది.

నేను దిగింది సుగుణమ్మ ఇంట్లో. ఆమె త్రిపురారం వైపు ఒక చిన్న ఊళ్ళో టీచరు, రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో పోయి వస్తుంది. నా మూడో బడి ఆమెదే. ఆ ఊరి పేరు రాయను, ఎందుకంటే నేను ఆ ఊరి గురించి రాయబోయేవన్నీ వాళ్ళు నవ్వుకునే మాటలు కావు. సుగుణమ్మ వాళ్ళు క్రైస్తవులు. అన్నం ముందు కళ్ళు మూసుకుని ఆమె చేసిన ప్రార్థనలో నా పేరు, నా తొట్టి, నా తలనొప్పి మూడూ వచ్చాయి. పొద్దున్నే సర్వపిండి చేసి పెట్టింది. గిన్నెకే పిండి అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి కాల్చే ఈ వంట మా వైపు లేదు. మా వాళ్ళు ఎందుకు కనిపెట్టలేదో తెలియదు.

డప్పు

ఆ ఊరికి కాలువ వచ్చి నాలుగైదేళ్ళే. అంతకు ముందు జొన్న, ఆముదం పండిన నేల. ఇప్పుడు కనుచూపు మేర వరి. పెద్ద కాలువ కట్ట ఊరి కంటే ఎత్తున పోతుంది. దాని కింద మడులు, మడుల పక్కన బడి, బడి వెనక నల్లటి బండల గుట్ట. నాట్ల రోజులు కావడంతో ఊళ్ళో ముసలివాళ్ళు, పిల్లలు తప్ప అందరూ పొలాల్లోనే.

పాఠం అయ్యాక ఒక పిల్లాడు, "టీచర్, మాకు సముద్రం లేదు గని కాలువ ఉన్నది. కట్ట తెగితే గిట్లనే వస్తది గద" అన్నాడు. కాలువకు గండి పడటం వేరు, భూమి ఫలకం విదిలించుకోవడం వేరు అని నేను వివరించబోయాను. సుగుణమ్మ నా చేయి నొక్కింది. "అక్కా, వాళ్ళ సముద్రం అదే. చెయ్యనియ్యున్రి" అంది. సరేనన్నాను.

పిల్లలు గంటలో ఏర్పాటు తయారుచేశారు. కాలువ కావలి చూసే లష్కరు కట్టలో ఎక్కడైనా ఊట కనిపిస్తే బడికి కేక వేస్తాడు. ఊళ్ళో చాటింపు వేసే సుంకరి డప్పు కొడతాడు. డప్పు వినగానే అందరూ గుట్టెక్కుతారు. నాకు భలే నచ్చింది. సుంకరిని పిలిపించి, "ఇప్పుడే ఒకసారి కొట్టి చూద్దాం" అని తొందరపెట్టింది నేనే. ఊళ్ళో ఎవరికైనా ముందు చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు.

సుంకరి బడి ముందు నిలబడి డప్పు వాయించాడు. మేమంతా గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాం. గుట్ట మీదికి మేకలు తప్ప ఎవరూ రాలేదు. మడుల్లోంచి మగవాళ్ళు పారలు భుజాన వేసుకుని కాలువ వైపు పరుగెత్తుతున్నారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు. ఇళ్ళల్లోంచి ముసలివాళ్ళు కూడా కర్రలు పట్టుకుని కాలువకే.

అప్పుడు తెలిసింది. ఆ ఊళ్ళో డప్పుకు ఒకటే అర్థం. పిల్లకాలువకు నీళ్ళు వదిలారని. వంతు తప్పకుండా ఎవరి తూము వాళ్ళు తీసుకోవడానికి ఊరంతా పరుగెత్తుకొస్తుంది. ఇన్నేళ్ళు ఎండిన నేల కదా, ఆ చప్పుడు వింటే అన్నం ముందునుంచి కూడా లేస్తారట. పిల్లలకు ఇది తెలియదని కాదు. తెలిసిన విషయం కాబట్టే తట్టలేదు.

నీళ్ళు లేవని తెలిశాక జనం బడి ముందుకు వచ్చారు. బుచ్చయ్య అనే పెద్దాయన పార నేలకు కొట్టి మరీ అడిగాడు. "ఎవలు కొట్టిచ్చిన్రు? నాట్లు ఇడిసిపెట్టి ఉరికొస్తిమి. ఆటనా ఇది?"

"నేనే" అన్నాను. క్షమించమన్నాను. ఏం చెయ్యబోయామో చెప్పాను. ఆయన పూర్తిగా విని, కాలువ వైపు, గుట్ట వైపు ఒకసారి చూసి, "అంటే కట్ట తెగితే మీ డప్పుకు మేమందరం పొయ్యి నీళ్లల్ల పడుదుము" అన్నాడు. గొంతులో కోపం లేదు.

యాదమ్మ అడిగిన ప్రశ్న

మర్నాడు క్లాసులో ఏ చప్పుడు పనికొస్తుందో వెతికాం. బడి గంట కొడితే పిల్లలు అన్నానికి ఇంటికొచ్చారనుకుంటారు. చర్చి గంట ప్రార్థనకు. శంఖం ఊదితే ఎవరో పోయారని. ఈల వేస్తే మేకలు వస్తాయి. ఊళ్ళో ప్రతి చప్పుడూ ఏదో ఒక పనికి కుదిరిపోయి ఉంది. పిల్లలు నీరసపడ్డారు.

ఆ చర్చ జరుగుతుండగా తొట్టిలో నీళ్ళు పారబోయమని ఇద్దరికి చెప్పాను. వాళ్ళు ఎత్తలేక వదిలేశారు. అది గుమ్మం రాయికి తగిలి, కోదాడ వీధిని లేపిన గొంతుతో మోగింది. బయట మేకలు చెదిరిపోయాయి. ఒక ముసలమ్మ ఇంట్లోంచి వచ్చి, "ఏంది పిల్లా గా సప్పుడు? ఎన్నడు ఇనలే" అంది.

క్లాసంతా నావైపు చూసింది. వాళ్ళ ఆలోచన అర్థమైంది. నాకు మాత్రం తొట్టి శిక్షణ వాళ్ళకు తిరిగి అప్పగించాలన్న బెంగ పట్టుకుంది. రేపు చూద్దామన్నాను, పిసినారిలా.

అందరూ సంబరపడుతుంటే చివరి బల్ల దగ్గర యాదమ్మ అనే పిల్ల మాత్రం పుస్తకం మూలలు మడుస్తూ కూర్చుంది. పన్నెండేళ్ళుంటాయి. పాఠం మొదట్నుంచీ అన్నిటికంటే మంచి ప్రశ్నలు అడిగింది తనే. ఏమైందని అడిగాను.

"మా అమ్మకు చెవులు ఇనరావు టీచర్" అంది. "కాలువ కిందనే నాట్లేస్తది. ఎంత మోగినా ఆమెకు తెల్వది. ఆమెకెట్ల చెప్పాలె?"

తండ్రి లేడని, తల్లీ కూతుళ్ళిద్దరేనని సుగుణమ్మ నా చెవిలో చెప్పింది. ఎర్ర గుడ్డ కడదామని ఒకరన్నారు. నాటు వేసేటప్పుడు వంగే ఉంటారు, ఎవరు చూస్తారు? పిల్లలెవరైనా పరుగెత్తి చెప్పొచ్చన్నారు. గట్ల మీద అంత దూరం ఎప్పటికి చేరతారు? అర్ధగంట తర్జనభర్జన అయ్యాక యాదమ్మే లేచింది.

"నాట్లల్ల అందరు వరుసనే ఉంటరు గద. ఇన్నామె పక్కామె కొంగు పట్టి గుంజాలె. ఆమె ఇంకొకామెది. ఎవ్వలను ఇడిసిపెట్టి పోవద్దు. మాట్లాడే పనే లేదు."

సాయంత్రం పిల్లలు జతలుగా ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. రేకు మోగితే గుట్టెక్కాలె, పక్కనోళ్ళ కొంగు గుంజాలె. బుచ్చయ్య ఇంటికి నేనే వెళ్ళాను. విని, "ఈపాలి చెప్పి చేస్తున్నరు, మంచిదే" అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. యాదమ్మ తల్లి లచ్చమ్మకు ఎలా చెప్పారని సుగుణమ్మను అడిగితే, కూతురే కొంగు గుంజి, గుట్ట చూపించి, నాలుగుసార్లు ఎక్కించి దించిందని చెప్పింది. ఆమెను నేను చూడలేదు.

కల్వర్టు

మూడోనాడు నా తిరుగు ప్రయాణం. రాత్రంతా ఎగువన వాన. పొద్దున సుగుణమ్మతో ఊరికి వెళ్ళి, అందరికీ వెళ్ళొస్తానని చెప్పి, పదకొండు గంటల బస్సుకు కాలువ కల్వర్టు దగ్గర నిలబడ్డాను. తొట్టి పిల్లలు మోసుకొస్తామన్నారు. అవును, తీసుకెళ్ళిపోదామనే నిర్ణయించుకున్నాను. సర్కారు సామగ్రి మరి, మోగించడానికి వాళ్ళు ఇంకో రేకు వెతుక్కుంటారులే అనుకున్నాను.

బస్సు రాలేదు. తొట్టి మోత వినిపించింది. దడదడమని ఆగకుండా. మోసుకొస్తూ ఆడుకుంటున్నారు, ఉన్న సొట్టలు చాలవా అని నాకు ఒళ్ళు మండింది. రానీ, చెబుతాననుకున్నాను. అప్పుడే కల్వర్టు పక్కన కట్ట కిందుగా ఎర్రటి బురద నీళ్ళు బుడబుడమని పైకి రావడం కనిపించింది. ఇదేమిటబ్బా అని, చెప్పులు పట్టుకుని, రెండడుగులు కిందికి దిగి, వంగి చూశాను. మూడు ఊళ్ళలో, మూడు బడుల్లో, నీళ్ళ వైపు పోవద్దని గొంతు చించుకున్న మనిషిని నేనే.

ఎవరో వెనక నుంచి నా కొంగు పట్టి గుంజారు. పడబోయి నిలదొక్కుకున్నాను. మోకాళ్ళదాకా బురద, చేతిలో ఇంకా నారు కట్ట, నల్లగా సన్నగా ఒకామె. "ఎవరమ్మా నువ్వు? వదులు! బస్సొస్తుంది!" అని అరిచాను. ఆమె నా మొహం కూడా చూడలేదు. కొంగు చేతికి చుట్టుకుని గట్టెంబడి పరుగు లంకించుకుంది. చీర ఊడిపోకుండా పట్టుకుని నేనూ పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. మా ముందు గట్టు మీద ఆడవాళ్ళు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని పోతున్నారు. అప్పటికి గానీ నాకు ఆ మోత ఏమిటో బుర్రకెక్కలేదు.

గుట్ట మీద ఊరంతా ఉంది. పై బండ మీద సుగుణమ్మ తొట్టి ముందేసుకుని, ఇటుకరాయితో ఇంకా కొడుతూనే ఉంది. ఆమె పక్కన యాదమ్మ. మొదటి ఆడవాళ్ళు ఎక్కినప్పుడు ఒక్కొక్క మొహమే చూస్తూ, "మా అమ్మ రాలే, మా అమ్మ రాలే" అని ఏడుస్తోందట. చివర మేమిద్దరం ఎక్కాం. ఆ పిల్ల బండ మీదినుంచి దూకి, నా కొంగు పట్టుకున్న మనిషిని నడుం పట్టి వాటేసుకుంది. లచ్చమ్మ ఒక చేత్తో కూతురి తల నిమురుతోంది. రెండో చేతిలో నా కొంగు ఇంకా వదల్లేదు.

మేం ఎక్కిన కాసేపటికి కట్ట తెగింది. పెద్ద చప్పుడేం కాలేదు. నేను నిలబడ్డ చోట మట్టి మెత్తగా కూర్చుంది, నీళ్ళు దానిమీదుగా మడుల్లోకి దిగాయి. నడుం లోతు ఉండొచ్చు, గట్లు కనపడకుండా పోయాయి. నారు కొట్టుకుపోయింది, బడిలోకి నీళ్ళు వచ్చాయి. మనుషుల్ని మాత్రం బుచ్చయ్య ఇల్లిల్లూ పేరు పెట్టి పిలిచి మూడుసార్లు చూసుకున్నాడు. అందరూ ఉన్నారు. మూడోసారి కూడా అందరూ ఉన్నారని తేలాక ఆ పెద్దాయన బండ మీద కూర్చుని తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. నేనూ ఏడ్చాను. అంత హాయిగా ఏడ్చి ఎన్నాళ్ళయిందో.

తర్వాత సంగతి సుగుణమ్మ చెప్పింది. లష్కరు ఊట చూసి కేకవేసేసరికి పిల్లలు తొట్టి గుమ్మంలోకి తెచ్చి ఉన్నారట. నాట్ల వరసలో లచ్చమ్మ చివరిది. పక్కామె ఆమె కొంగు గుంజి పరుగెత్తింది. లచ్చమ్మ కూడా ఎవరిదో ఒకరిది పట్టుకోవాలి కదా, కూతురు నాలుగుసార్లు నేర్పింది. తన పక్కన ఎవరూ లేరు. కల్వర్టు కింద వంగి నిలబడ్డ నేను కనిపించాను.

తిరిగి బందరు

ఆ రాత్రి సుగుణమ్మ ఇంట్లోనే ఉండి, మర్నాడు కోదాడ మీదుగా బస్సులో వచ్చేశాను. కాళ్ళకు సుగుణమ్మ చెప్పులు, ఒక అంగుళం పెద్దవి. కండక్టరు మళ్ళీ అతనే. "మీ కుడితి తొట్టేదండీ?" అన్నాడు. వదిలేసి వచ్చానన్నాను. లగేజీ టికెట్టు మిగిలిందిగా అన్నాడు.

స్కూలుకు వెళ్ళగానే మా పిల్లలకు పాఠం మొదలుపెట్టకుండా ఒక ప్రశ్న వేశాను. మన ఊళ్ళో ఏ చప్పుడు వింటే మనం ఒడ్డుకు పరుగెడతాం? పడవలొచ్చాయని వేసే కేక అని క్లాసంతా ఒకేసారి అంది. మీ వీధిలో వినపడని వాళ్ళెవరు అని రెండో ప్రశ్న వేశాను. ఒక్కొక్కరే చేతులెత్తారు. బామ్మలు, తాతలు, ఒక తమ్ముడు. ఆ పేర్లు రాసుకోవడంతోనే పీరియడు అయిపోయింది.

శిక్షణ వాళ్ళు ఇచ్చిన కాగితం నింపి నిన్ననే పంపాను. పాఠం అర్థమైందా అన్న చోట, పిల్లలకు వెంటనే, టీచరుకు కొంచెం ఆలస్యంగా అని రాశాను. దాని కింద, సామగ్రి తిరిగి అప్పగించారా అని ఉంది. లేదు, వాడుకలో ఉంది అని రాశాను.